కంపాసుకు గోదారి అడ్డం రాదు

ఉద్యాన విభాగంలో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు మొన్న మా ఇంటికి వచ్చారు. ముప్ఫై మూడేళ్ల సర్వీసులో నేర్చుకున్నది ఏదైనా చెప్పమన్నారు. అడగడమే తడవు, నేను మొదలుపెట్టాను. ఫలానా తోట నావల్లే బతికింది, ఫలానా పురుగును నేనే పట్టుకున్నాను, ఫలానా పై అధికారి నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కాఫీ చల్లారిపోయినా నా గొప్పలు చల్లారలేదు. పాపం, ఆ పిల్లలు నోట్‌బుక్కులో రాసుకున్నారు కూడా. వాళ్లు వెళ్లాక నాకు సిగ్గేసింది. చెప్పాల్సింది ఒక్కటీ చెప్పలేదు.

అందుకని ఇప్పుడు రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, డీఏ బకాయిలు ఇందులో ఉండవు. అవి కావలసినవాళ్లు పెన్షనర్ల సంఘం అరుగు మీద సాయంత్రం కూర్చుంటే చాలు, వద్దన్నా వినిపిస్తారు. నేను రాసేది ఒక ఎకరంన్నర సంగతి. గోదావరి లంకలో సత్యవేణి గారనే రైతుకి ఉన్నది ఆ ఎకరంన్నరే. నా మాట విన్న తర్వాత ఆ నేల ఆవిడకి మిగిలిందా లేదా అన్నదే ఇందులో విషయం.

ముందు కాస్త పాఠం

ఏ పంట ఎక్కడ వేయాలన్నది కాలేజీలో మనకు నేలనుబట్టి చెప్తారు, నీటినిబట్టి చెప్తారు, వర్షాన్నిబట్టి చెప్తారు. పడవనుబట్టి చెప్పరు. ఆటోనుబట్టి చెప్పరు. రావులపాలెంలో బస్సెక్కి రాజోలు వైపు వెళ్తూ కిటికీలోంచి చూడండి. మొదట అరటి, అరటి, అరటి. తర్వాత అరటి పలచబడి కొబ్బరి చిక్కబడుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అందరిలాగే "నేల గుణం" అనేవాణ్ణి. నేల గుణమూ లేదు, నా బొందా లేదు. రావులపాలెంలో అరటి మార్కెట్టు ఉంది. కొబ్బరికాయ నెల రోజులు కుప్పలో పడున్నా నోరెత్తదు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు లారీ ఇవాళ కాకపోతే వచ్చే వారం వస్తుంది, దానికి పట్టింపు లేదు. అరటిగెల అలా కాదు, కొత్తల్లుడి లాంటిది. కాస్త ఆలస్యమైతే మొహం నల్లబడుతుంది.

రోడ్డు పక్క అన్న మల్లెలు వేస్తాడు. మూడు కిలోమీటర్లు లోపలికి తమ్ముడు వరి వేస్తాడు. నేల ఒకటే, తండ్రి ఒకడే, కాలవ ఒకటే. మా ఆఫీసులో మాత్రం అన్న "అభ్యుదయ రైతు", తమ్ముడు "చైతన్యం లేని రైతు". అలా రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. చేరిన మొదటి ఏడాది రాజోలు అవతల ఒక పెద్దాయనకి టమాటా వేయమని గంటసేపు ఉపన్యసించాను. ఆయన చుట్ట ఆర్పి, "మార్కెట్టు ఇక్కడికొస్తాదాండి, మమ్మల్నే రమ్మంటాదాండి?" అనడిగాడు. అజ్ఞానం అనుకుని నవ్వుకుంటూ వచ్చేశాను. అజ్ఞానం ఎవరిదో తేలడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది.

సున్నాల సారు

రిటైర్మెంటుకి రెండేళ్లుందనగా మాకొక కొత్త బాసు వచ్చాడు. పేరు రాయను. మనిషి చెడ్డవాడు కాదు, లంచగొండి అసలే కాదు. అదే వచ్చిన తిప్పలు. లంచగొండికి మధ్యాహ్నం దాకానే పని ఉంటుంది. నిజాయితీపరుడు పొద్దస్తమానం పనిచేస్తాడు.

ఈయన ఎక్కడో పెద్ద ఊళ్లో ట్రైనింగుకెళ్లి ఒక సిద్ధాంతం పట్టుకొచ్చాడు. నడిమధ్యన మార్కెట్టు ఉంటుంది. దాని చుట్టూ చక్రాలు. మొదటి చక్రంలో త్వరగా పాడైపోయేవి పండించాలి. రెండో చక్రంలో కాస్త ఓర్చుకునేవి. చివరి చక్రంలో ఎన్నాళ్లయినా ఉండేవి. సిద్ధాంతం తప్పు కాదు, ఆమాటకొస్తే మన రైతులు చేసేదీ అదే. కానీ వచ్చిన మర్నాడే ఆయన వాళ్లమ్మాయి జామెట్రీ బాక్సులోంచి కంపాసు తెచ్చి, ఆఫీసు గోడ మీద మ్యాపులో రావులపాలెం దగ్గర ముల్లు గుచ్చి, గిర్రున సున్నాలు చుట్టేశాడు. ఆ సాయంత్రానికి మా అటెండరు ఆయనకి పేరు పెట్టేశాడు: సున్నాల సారు. వారం తిరక్కుండా ఆ సున్నాలు నాలుగు రంగుల్లో ఫ్లెక్సీ అయి గోడెక్కాయి.

కంపాసుకు గోదారి అడ్డం రాదు. ముల్లు గుచ్చి తిప్పితే అది ఏటి మీదుగా, పాయల మీదుగా, ఇసుక మేటల మీదుగా హాయిగా తిరిగొస్తుంది. అలా తిరిగొచ్చిన మొదటి సున్నాలో, లేత పసుపు రంగులో, ఒక లంక పడింది.

"నాలుగే కిలోమీటర్లు!" అన్నాడు సారు, స్కేలు పెట్టి చూసి. "మార్కెట్టుకి కూతవేటు దూరంలో ఉండి కంద పండిస్తున్నారటయ్యా వీళ్లు. కంద! సిగ్గుచేటు కాదూ? టిష్యూకల్చర్ అరటి పెట్టించు. బ్లాకంతా ఒకటే పంట, ఒకటే వయసు."

నాకా లంక తెలుసు. రావులపాలెం ఒడ్డున నిలబడితే నిజంగానే అందులోని గేదెలు కూడా కనిపిస్తాయి. కానీ అటువైపు పాయ లోతు, సుడులు, రేవు లేదు. పడవ వేసేది ఆలమూరు వైపుకే. అటు దిగి, ఏటిగట్టెక్కి, ఆటో పట్టుకుని, వంతెన దాటి వస్తేనే రావులపాలెం. నేల మీద లెక్కేస్తే పద్దెనిమిది కిలోమీటర్లు, మధ్యలో గోదారి అదనం.

ఆ ముక్క చెప్పాను. నిజంగా చెప్పాను. ఒక్కసారే చెప్పాను, అదీ నసుగుతూ. సారు ఫ్లెక్సీ వంక చూసి, నా వంక చూసి, "పాజిటివ్‌గా ఆలోచించవయ్యా" అన్నాడు. నేను వెంటనే పాజిటివ్‌గా ఆలోచించాను. రెండేళ్లలో రిటైర్మెంటు పెట్టుకుని ఎవడైనా అలాగే ఆలోచిస్తాడు.

ఎన్ని దింపుళ్లు?

సత్యవేణి గారికి అప్పుడు నలభై అయిదేళ్లుంటాయి. ఎకరంన్నర వాళ్ల నాన్న ఇచ్చింది, లంకలో మెరక మీద ఉంది, మామూలు వరదకి మునగదు. భర్త వెంకన్న గారికి బరువులు మోసి మోసి మోకాళ్లు అరిగిపోయాయి. అరుగు మీద కూర్చుని తాళ్లు పేనడం తప్ప ఆయన వల్ల కాదు. పొలం, బేరం, మోత అన్నీ ఆవిడవే. చేలో కంద. ఆ కంద విత్తనం వాళ్ల నాన్న నాటి నుంచి ఏటా సగం తవ్వి అమ్మి, సగం దాచి మళ్లీ పెట్టుకుంటూ వస్తున్నది. బయట కొనరు.

నేను వెళ్లి అరటి గురించి చెప్పాను. మొక్కలు ఉచితం, ఎరువులు ఉచితం, గెల ముప్ఫై కేజీలకు తగ్గదు. అంతా విని ఆవిడ అడిగింది ఒకటే.

"ఎన్ని దింపుళ్లండి?"

నాకర్థం కాలేదు. ఆవిడ వేళ్లు మడిచి లెక్క చెప్పింది. గెల కొట్టి చేలో దించడం ఒకటి. నెత్తిన పెట్టుకుని రేవుకి మోసుకెళ్లి దించడం రెండు. పడవలోకి దించడం మూడు. అవతల ఒడ్డున నాలుగు. ఏటిగట్టు మీద అయిదు. ఆటోలోంచి మార్కెట్టులో ఆరు. లంక వాళ్లు దూరాన్ని కిలోమీటర్లలో కొలవరు. ఎన్నిసార్లు దించాలో కొలుస్తారు. ఏ పంట వేయాలన్నా ముందు ఈ లెక్క చూస్తారు. రోడ్డు పక్క ఊరి రైతుకి గెల సైకిలుకి కట్టడం, విప్పడం, అంతే, రెండు దింపుళ్లు. "మాది ఆరు దింపుళ్ల నేలండి. కందనుకోండి, విసిరేసినా పలకదండి. బేరం లేదంటే భూమిలోనే ఉంచేస్తాం, నెల పోయాక తవ్వుకుంటాం. మీ అరటికి తోలు పలచనంటగదండి. ఆరుసార్లు దించితే ఏం మిగుల్తాదండి?"

ఆ ప్రశ్న ముందు మన కాలేజీ పుస్తకాలన్నీ బలాదూరు. సున్నాల సారు ట్రైనింగుకెళ్లి నేర్చుకున్నదాన్ని ఆవిడ అరచేతిలో పెట్టుకుని తిరుగుతోంది, ఆయనకన్నా సరిగ్గా. నేను చేయాల్సింది ఆవిడకి దండం పెట్టి వెనక్కి రావడం. కానీ నేను మేధావిని, డిగ్రీ ఉన్నవాణ్ణి. "అమ్మా, మీరింకా పాత కాలంలో ఉన్నారు. కందలో ఏముంది, దురద తప్ప!" అన్నాను. నా జోకుకి నేనే నవ్వాను. ఆవిడ కూడా మర్యాదకి నవ్వింది. గోదావరి జిల్లాల్లో అధికారి జోకు వేస్తే నవ్వడం పన్ను కట్టడం లాంటిది.

మళ్లీ అడిగింది. "ఇప్పుడు నాటితే గెలలెప్పుడొస్తాయండి?"

"పదకొండు నెలలు."

వేళ్లు మడిచింది. మొహం మారింది. "నడి వరదల్లోనాండి?"

ఆవిడ లెక్క సరైనదే. మొక్కలు వేళకి రాలేదు. ఇంకో మూడు నెలలాగి నాటితే ఆ ఏడాది లెక్కలోకి రావు. ఆవిడకి ఇదంతా చెప్పలేదు. "వరద ఏటా వస్తుందా అమ్మా? వచ్చినా మీది మెరకే కదా" అన్నాను.

మూడోసారి చివరగా బతిమాలుకుంది. "పోనీ ఓ పాతిక సెంట్లు కంద ఉంచుకుంటానండి, ఇత్తనం పోకుండా. ఆయ్?"

పాతిక సెంట్లు! ఆ మాటే సారుకి ఫోన్ చేసి అడిగాను. మధ్యలో కంద ఉంటే బ్లాకు చెడుతుంది, ఫొటోలో పచ్చదనం తెగిపోతుందన్నాడు. ఆవిడ విత్తనం పోతుందేమోనండి అని నేను గొణిగితే, "కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా?" అని ఫోన్ పెట్టేశాడు. కందకి దురద ఉందనీ, అది మూడుసార్లు చెప్పిందనీ, కత్తిపీటే నోరు మూసుకు కూర్చుందనీ నేను చెప్పలేదు. లంకలో నేను ఒప్పించకపోతే ఆవిడ ఒప్పుకునేది కాదు. "నామీద నమ్మకం ఉంచండమ్మా" అన్నాను. ఉంచింది. ఆ మాట వాడేముందు మీరు పదిసార్లు ఆలోచించుకోండి. దానంత చవగ్గా దొరికే పెట్టుబడి ఇంకోటి లేదు, మునిగేది మాత్రం అవతలివాళ్లు.

విత్తన కంద మొత్తం తవ్వి ఎవరికో అమ్మేసింది. ఉంచితే కుళ్లిపోతుంది కాబట్టి అమ్మక తప్పదు. చేలో అరటి నాటారు.

విజయగాథ

తోట బ్రహ్మాండంగా వచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? లంక నేల బంగారం. పైగా ఆవిడ పెంపకం. చెట్లన్నీ ఒకే ఎత్తు, ఒకే రోజు నెల తప్పినట్టు అన్నీ ఒకేసారి గెలలేశాయి. సారు స్వయంగా వచ్చాడు. బూట్లు విప్పకుండా పడవెక్కిన మొదటి అధికారి ఆయనే. ఒడ్డున దిగేటప్పుడు ఒక బూటు గోదారి తల్లికి సమర్పించుకున్నాడు.

కోసిన మొదటి గెలని ఇద్దరు మనుషులతో ఎత్తించి, సత్యవేణి గారి పక్కన నిలబెట్టి, నా ఫోనుతో నేనే ఫొటో తీశాను. "నవ్వండమ్మా" అన్నాను. ఆవిడ గెల వంక కాక రేవు వంక చూస్తోంది. సాయంత్రానికి ఆ ఫొటో మా గ్రూపుల్లో తిరిగింది. కింద నేను రాసిన మూడు వాక్యాలు: కంద నుంచి కదళికి, లంక మహిళ విజయగాథ, మార్కెట్టుకి నాలుగే కిలోమీటర్లు. నలభై మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. అందులో ఒక్కడు కూడా ఆ లంక పడవెక్కినవాడు కాదు.

ఇంకో విషయం మీరు గమనించాలి. అన్ని గెలలూ ఒకేసారి రావడం మనకి గొప్ప. పత్రాల్లో బాగుంటుంది. ఆ లంకకి ఉన్నది ఒక్క పడవ. పొద్దున్నే పాల క్యాన్లు, తర్వాత బడి పిల్లలు, కూలీలు, ఆస్పత్రికెళ్లేవాళ్లు. వాళ్లందరూ ఎక్కాక మిగిలిన చోట గెలలు. పడవ నడిపే సరంగు ట్రిప్పుకి పదిహేను గెలలకి మించి ఎక్కనివ్వడు. తప్పు అతనిది కాదు, మునిగితే మనుషులు పోతారు. మొత్తం తోట దాటాలంటే నెల పడుతుంది. ఆ లెక్క నేను వేయలేదు. సత్యవేణి గారు వేసింది. "కొద్ది కొద్దిగా దాటిస్తానండి, దేవుడున్నాడు" అంది.

తొమ్మిది రోజులు

మూడు రోజులు దాటించింది. నాలుగో రోజు ఎగువ వానలకి గోదారి ఎర్రబడింది. హెచ్చరిక వచ్చింది, పడవలు ఆపేశారు. ఆపడమే ధర్మం.

నీళ్లు ఆవిడ చేలోకి రాలేదు. మెరక మెరకలాగే ఉంది, చెట్టు చెట్టులాగే నిలబడింది. పడవ ఒక్కటే లేదు. పడవ ఆగిన రెండో రోజు ఆవిడ ఫోను చేసింది. "ఆఫీసరు గారూ, పడవెప్పుడేస్తారో కనుక్కుంటారాండి? గెలలు పండుకి తిరుగుతున్నాయండి." కనుక్కుంటానన్నాను. నాలుగో రోజు, "చెట్టుమీదే పండిపోతున్నాయండి. గబ్బిలాలకి పండగండి" అంది, నవ్వుతూనే. ఏడో రోజు ఫోను రాలేదు. నాకు హాయిగా అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను. ఫోను రాకపోతే మనకి హాయిగా అనిపిస్తుంది, అక్కడ ఏం జరిగిందన్నది తర్వాత.

పదో రోజు పడవ వేశారు. నేను జీపు వేసుకుని ఆలమూరు వైపు ఏటిగట్టు మీద నిలబడ్డాను. పనికొస్తాయనుకున్న గెలలు ఏరి ఆవిడ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు మోసుకొచ్చారు. తడి గట్టు, జారుడు. ఆవిడ ప్రతి గెలనీ పసిపిల్లని పడుకోబెట్టినట్టు దించుతోంది. అయినా తోలు నల్లబడుతోంది. నేను గొడుగు పట్టుకుని చూస్తున్నాను. ఒక్క గెల కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆవిడకి ఒరిగేదేమీ లేదు, ఎత్తలేదన్న సంగతి మాత్రం నన్ను ఇప్పటికీ వదలదు.

రావులపాలెంలో కమీషను వ్యాపారి ఆటో చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఇయ్యి గెలలాండి, తన్నులు తిన్న మనుషులాండి?" అన్నాడు. చుట్టూ ఉన్న హమాలీలు నవ్వారు. సత్యవేణి గారు కూడా మర్యాదకి నవ్వింది. ఆటో కిరాయికి కూడా చాలని ధరకి ఇచ్చేసి, వచ్చిన ఆటోలోనే వెనక్కి వెళ్లిపోయింది.

పడవ మన శాఖ కాదు

ఇప్పుడు ఆవిడకి కావలసింది ఒక్కటే, విత్తన కంద. అరటి నరికేసి మళ్లీ కంద పెట్టుకుంటే ఏడాదికి ఒడ్డున పడుతుంది. కానీ కందకి విత్తనమంటే చారెడు గింజలు కాదు, ఎకరానికి బస్తాలకు బస్తాలు గడ్డలు. కొనే శక్తి లేదు. పంట పోయిన రైతుకి విత్తనం ఇచ్చే ఏర్పాటు మా దగ్గర ఉంది. దానికి ఒక కాగితం కావాలి. ఆ కాగితంలో పంట పోయిందని నేను రాయాలి.

సారు దగ్గరికి వెళ్లాను.

"ఆవిడ చేలోకి నీళ్లొచ్చాయా?"

"లేదండి."

"చెట్లు పడ్డాయా? గాలికి?"

"లేదండి."

"మరి నష్టం ఎక్కడిదయ్యా?"

"పడవ లేదండి. తొమ్మిది రోజులు."

"పడవ మన శాఖ కాదు" అన్నాడు. నిజమే, కాదు. తర్వాత ఆయన గొంతు తగ్గించి, బుజ్జగిస్తున్నట్టు అన్నాడు: "విజయగాథ పైకి వెళ్లిపోయింది కదయ్యా. ఇప్పుడు పంట పోయిందని రాస్తే, ఆ గాథ రాసిందెవరని అడుగుతారు. నువ్వు రాశావు. రిటైర్మెంటు ముందు నీకెందుకీ తలనొప్పి?"

నేను కాగితం తీసుకుని నా సీటుకి వచ్చాను. "పంట పరిస్థితి" అన్న గడి ఉంది. అందులో "సంతృప్తికరం" అని రాసి సంతకం పెట్టాను. చెయ్యి వణకలేదు. కథల్లో వణుకుతుంది, ఆఫీసుల్లో వణకదు. సారు నా చెయ్యి పట్టుకుని రాయించలేదు. రాసింది నేనే.

ఆ వేసవిలో ఆలమూరు వైపు పాయ ఎండింది. ఇసుకలో బాట వేసుకుని ఇటుకబట్టీల వాళ్ల ట్రాక్టర్లు లంకలోకి దిగాయి. లంక ఒండ్రుమట్టికి బట్టీల్లో మంచి గిరాకీ. మట్టికి తొందర లేదు, వరద పోయేదాకా ఆగుతుంది, ఎండాకాలం దాకా ఆగుతుంది, పడవ అడగదు, దించితే కమలదు. ఏ పంట వేయాలో తేల్చే లెక్క ప్రకారం చూస్తే ఆ లంకకి అన్నిటికన్నా తగిన సరుకు నేలే. పంట వేయడానికి విత్తనం లేనివాళ్లు నేలనే అమ్ముకున్నారు. సత్యవేణి గారు కూడా ఒప్పుకుంది. మోకాలి లోతు తీస్తామన్నారు. నిలువులోతు తీశారు. అడుగున ఇసుక తేలింది. మరుసటి వరదకి అందులో నీళ్లు నిలిచాయి. వాళ్ల నాన్న ఇచ్చిన ఎకరంన్నర అయిపోయింది.

శాలువా

నా సర్వీసు చివరి నెలలో అమలాపురంలో ఒక కల్యాణ మంటపంలో రైతు సదస్సు పెట్టారు. ఆదర్శ రైతులకి సన్మానం. జాబితా విజయగాథల ఫైలులోంచి తీశారు. ఫైల్లోకి ఎక్కినవాళ్లని దించే పద్ధతి మా దగ్గర లేదు. అందులో సత్యవేణి గారి పేరుంది. ఆవిడకి ఫోను చేయమని నాకే చెప్పారు. చేశాను. వద్దు రావద్దని చెప్పే ధైర్యం కూడా లేకపోయింది. "రమ్మంటే వస్తానండి, ఆయ్" అంది.

ఉతికిన చీర కట్టుకుని, బస్సు దిగి వచ్చింది. స్టేజీ ఎక్కించారు. వెనక పెద్ద ఫ్లెక్సీలో నేను తీసిన ఫొటో, రేవు వంక చూస్తున్న ఆవిడ మొహం. సున్నాల సారు మైకు పట్టుకున్నాడు. కంద నుంచి కదళికి అన్న నా వాక్యాలే చదివాడు. చదివి, మైకు ఆవిడ ముందు పెట్టి, "చెప్పండమ్మా, ఇప్పుడు మీ చేలో ఏం పండిస్తున్నారు?" అన్నాడు.

"ఇటికలండి" అంది.

హాల్లో కొందరు నవ్వారు. ఆవిడ ఎగతాళికి అనలేదు. అడిగారు కాబట్టి చెప్పింది. "ఆయ్, ఇటికలేనండి. మట్టంతా తోలుకుపోయేరండి. మేవిద్దరం ఆ బట్టీలోనే పనికెళ్తన్నామండి. ఆయన కూచుని అచ్చులు తుడుత్తారండి, నేను మోత్తానండి."

సారుకి వినిపించిందో లేదో నాకు తెలియదు. వినిపించే ఉంటుంది. ఒక్క క్షణం ఆగి, "చూశారా! వ్యవసాయం నుంచి అనుబంధ రంగాలకి ఎదిగిన మహిళ!" అని చప్పట్లు కొట్టాడు. హాలు కొట్టింది. శాలువా కప్పమని నాకు సైగ చేశాడు. కప్పాను. ఆవిడ వంగి నమస్కారం పెట్టింది.

సభ అయ్యాక బస్‌స్టాండు దాకా ఆవిడతో నడిచాను. శాలువా మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. బెంచీ మీద కూర్చున్నాం. ముప్ఫై మూడేళ్లలో ఏ రైతుకీ చెప్పని మాట అప్పుడు చెప్పాను. "తప్పు నాదేనమ్మా. మీరు మూడుసార్లు చెప్పారు. నేను వినలేదు. ఆ కాగితం కూడా నేనే రాశాను."

ఏ కాగితమని అడగలేదు. "తప్పేనండి" అంది. అంతే మర్యాదగా, అంతే మెత్తగా. అబ్బే అనలేదు, అయ్యో అనలేదు, మీరేం చేస్తారండీ అని నన్ను గట్టెక్కించనూ లేదు. కాసేపు ఇద్దరం వచ్చే బస్సుల బోర్డులు చూశాం. నా మొహం ఎలా ఉందో ఏమో, ఆవిడకే జాలేసినట్టుంది. నా వైపు తిరిగి, చిన్నపిల్లాణ్ణి ఊరుకోబెట్టినట్టు అంది:

"పోనీలెండి, బెంగెట్టుకోకండి. మీకు పింఛనొస్తాది గదండి."

ఆలమూరు వెళ్లే బస్సు వచ్చింది. సంచీ చంకన పెట్టుకుని ఎక్కేసింది.

ఆవిడ చెప్పినట్టే వస్తోంది. ఈ నెల కూడా ఒకటో తారీఖునే పడింది.